పుల్లనిది అని అర్థం

ఇత్తడి తోమడానికి చింతపండు పిప్పికి మించింది లేదు. పులుసు పిండగా మిగిలిన పిప్పిని మా అత్తమ్మ గోవిందమ్మ పారేయనివ్వదు. వారమంతా ఒక మూకుట్లో దాచి పెట్టిస్తుంది, శుక్రవారం పూజకు చెంబులూ కుందులూ తళతళలాడాలి కదా. ఆ గురువారం పొద్దున కూడా నేను దొడ్లో పీట వేసుకుని తోముతున్నాను. బొటనవేలు కత్తికి తెగిన చోట పులుపు తగిలి ప్రాణం జివ్వుమంది. అంతలో వెనక ఎవరో కదిలినట్టయింది. చేతిలో చెంబు ఎగిరి బండ మీద పడింది, నేను రెండు మోచేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని ముడుచుకుపోయాను. కొంచెం సేపటికి వేళ్ల సందుల్లోంచి చూస్తే తీగ మీద మా ఆయన లుంగీ. గాలికి ఊగుతోంది. నేను పిల్లలకు సైన్సు చెప్పే టీచర్ని, లుంగీకి జడుసుకున్నాను.

"ఏమాయె? చెంబు సొట్టవోయిందా?" లోపల్నుంచి అత్తమ్మ అరిచింది.

చెంబుకేం కాలేదన్నాను. నాకేమైందో ఆమె అడగలేదు. మిగతా చెంబులు గోడకు వీపు ఆనించి కూర్చుని తోమాను.

బడిలో ఆ రోజు ఎనిమిదో తరగతికి ఆమ్లాల పాఠం. మా హాలియా బడిలో ల్యాబ్ అంటే తాళం వేసిన ఒక బీరువా, ఆ తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలీదు. అందుకని ప్రతి ఏడూ చేసే పనే చేశాను. ఇంట్లోంచి పసుపు, పాన్‌డబ్బా నుంచి ఇంత సున్నం తెప్పించి నీళ్లలో కలిపాను. ఎర్రగా అయ్యాయి. "దిష్టి నీళ్లు! దిష్టి నీళ్లు!" అని పిల్లలు ఒకటే గోల. అవును, దిష్టి నీళ్లే. వాటిలో చింతపండు రసం పోస్తే ఎరుపు విరిగిపోయి పసుపుపచ్చ తేలుతుంది. ఉట్టి నీళ్లు పోస్తే ఎరుపు పలచబడుతుంది, పోదు. ఈ సంగతి ఒకసారి ఇంట్లో చెబితే అత్తమ్మ చెంపలు వేసుకుంది. "దిష్టి నీళ్లతోని ఆటలాడుతరా? కండ్లు పోతయ్" అంది.

"ఆసిడ్ అనేది లాటిన్ మాట. ఆ భాషలో 'అసిడస్' అంటారు, పుల్లనిది అని అర్థం" అని బోర్డు మీద రాశాను.

యాదమ్మ అని ఒక పిల్ల ఉంది, ఊరుకోదు. "టీచర్, లాటిన్ ఏ దిక్కున్నది? సాగర్ డ్యామ్ అవతలనా?" అంది. తరగతంతా నవ్వింది, నేనూ నవ్వాను. చాలా దూరం, ఇప్పుడు ఆ భాష ఇంట్లో మాట్లాడేవాళ్లు లేరు అని చెప్పాను. ఆ పిల్ల కూర్చోలేదు. "మరి పుల్లగుంటదని ఎవలు నాకి సూసిండ్రు టీచర్? నాలిక కాలలేదా?"

ఇన్నేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను, ఈ ప్రశ్న నాకే తట్టలేదు. పేరు పెట్టినవాళ్లకు తెలిసిన పులుపు కాయల పులుపు, పులిసిపోయిన ద్రాక్షసారా పులుపు, అంతే. నాలుక మీద పెట్టుకుని, మొహం చిట్లించుకుని, పుల్లగా ఉందని పేరు పెట్టారు. కాల్చేవి ఎన్నో వందల ఏళ్ల తర్వాత వచ్చాయి, వాటికీ ఆ పాత పేరే తగిలించారు. "వాళ్లు నాకింది పండ్ల రసమే యాదమ్మా. మా ఇంటాయన బ్యాటరీల దుకాణంలో ఉండేది కాదు" అన్నాను. పిల్లలు మళ్లీ నవ్వారు. ఈసారి నాకు నవ్వు రాలేదు.

విరామంలో హెడ్మాస్టర్ యాదగిరి సారు గదికి పోయి లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు తీశాను. ఆ పిల్ల అడిగింది తేల్చుకుందామని. పుల్లనిది అనే ఉంది. దాని కిందే ఇంకొకటి ఉంది. ఆ మాట పుట్టిన వేరు నుంచే లాటిన్‌లో సూదికి పేరు వచ్చిందట, కత్తి అంచుకు కూడా పేరు వచ్చిందట. పులుపుకీ, గుచ్చుకోవడానికీ, కోసుకుపోవడానికీ ఆ మనుషులకు వేరు ఒకటే. పొద్దున నా బొటనవేలు చెప్పింది కూడా అదే కదా అనుకున్నాను. పుస్తకం పట్టుకున్న చేతులు చల్లబడ్డాయి.

"ఏం ఎతుకుతున్నవ్ మంజులతమ్మా?" అన్నాడు హెడ్మాస్టరు. చెప్పాను. "గదంత నీకెందుకమ్మా, కూరల పులుపు సరిపోయిందా లేదా సూసుకుంటె సాలదా? జర చాయ్ జెప్పు, బయటోళ్లొచ్చిండ్రు." చాయ్ చెప్పడమంటే నేను హోటల్‌కు పోయి తేవడం. అదే గదిలో నలుగురు మగ టీచర్లు కాళ్లు చాపుకుని పేపర్ చదువుతున్నారు. పోయి తెచ్చాను. ఎప్పుడూ తెస్తూనే ఉన్నాను.

చేతులు ఎందుకు చల్లబడ్డాయో చెప్పాలి. మా ఆయన దశరథానిది బ్యాటరీల దుకాణం, మెయిన్ రోడ్డు మీద. కాలువ నీళ్లొచ్చాక ఈ చుట్టుపక్కల ట్రాక్టర్లకూ వడ్ల లారీలకూ కొదవ లేదు, ఆయన గిరాకీకీ కొదవ లేదు. దుకాణంలో క్యాన్లలో రెండు రకాల నీళ్లుంటాయి. ఒకటి ఆసిడ్, ఒకటి డిస్టిల్ వాటర్. రెండింటికీ రంగు లేదు, పక్కపక్కన పెడితే చూసి చెప్పలేం. ఆయన చొక్కాలు ఉతికేది నేనే. ఆసిడ్ చుక్క పడ్డప్పుడు బట్ట మీద పెద్దగా ఏమీ కనిపించదు. ఉతికి జాడిస్తే మాత్రం పడిన చోటల్లా చిల్లు. "బట్టలుతక రాదా నీకు? బండకేసి గట్ల బాదితె ఉంటయా?" అంటాడు. ఆసిడ్ తిన్న చొక్కా నేను చింపినట్టే లెక్క. మొదట్లో ఇది మీ ఆసిడ్ చేసిన పని అని చెప్పేదాన్ని. "టీచరమ్మ పాఠం షురూ జేసింది" అని నవ్వేవాడు. చెప్పడం మానేశాను.

ఒక్క మాట న్యాయంగా చెప్పాలి, ఆయన నా మీద ఎన్నడూ చెయ్యెత్తలేదు. మా అమ్మ దగ్గర ఏదైనా చెప్పుకోబోతే అక్కడే ఆపేది. "కొడ్తలేడు గద బిడ్డా, ఇంకేం గావాలె నీకు?" ఇంకేం కావాలో నాకూ సరిగ్గా తెలిసేది కాదు. పొద్దున్నే లేచి నీళ్లు పట్టి, వంట చేసి, బడికి పోయి, వచ్చి మళ్లీ వంట చేసి, పులుసు తక్కువైందనో ఎక్కువైందనో మాట పడి, పిల్లలెందుకు కాలేదని అత్తమ్మ అడిగితే తల వంచుకుని... ఇవన్నీ ఉన్నవే. వీటికి ఏడుపొచ్చేది కానీ భయం వేసేది కాదు.

భయం ప్రమోషన్‌తో వచ్చింది. దసరా అయ్యాక నాకు హుజూర్‌నగర్ బడికి ఆర్డర్ వచ్చింది. సోమవారం పొద్దుటికి పోయి చేరాలి, లేదంటే ప్రమోషన్ వద్దని ఒప్పుకున్నట్టే.

"వద్దను" అన్నాడు ఆయన, అన్నం కలుపుకుంటూ. "గంత దూరం పోయి అర్ర కిరాయికి తీస్కోని ఒక్కదానివి ఉంటవా? ఊరోళ్లు నా మొకం మీద ఊంచరా?"

"వద్దనను" అన్నాను.

పెళ్లయినప్పటి నుంచి ఆయన మాట కాదనడం అదే మొదటిసారి. అరుస్తాడని గోడకు ఆనుకుని నిలబడ్డాను. అరవలేదు. పులుసు పోయించుకుని, గిన్నె ఊడ్చుకుని తిని, చెయ్యి కడుక్కుని, "సూద్దాం తీ" అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది. ఆ రాత్రి నుంచి నాకు బుగులు పట్టుకుంది.

మర్నాడు పేపర్‌లో పడింది. ఎక్కడో ఒకడు పుట్టింటికి పోతానన్న పెండ్లాం మొహం మీద ఆసిడ్ పోశాడట. ఆయన అత్తమ్మకు పైకి చదివి వినిపించాడు, ప్రతి ముక్కా వినిపించాడు. "దీనికోసం ఆడు యాడికో పోయి కొనుక్కొచ్చిండట అమ్మా. మన దుకాణంలైతె రోజు మోరీల పారవోస్తం గంత" అని నవ్వాడు. అత్తమ్మ కూడా నవ్వింది. "దీన్నడుగు, ఆ ఆసిడ్ ముచ్చట దీనికి బాగ ఎరికే, పోరగాండ్లకు చెప్తది" అన్నాడు. నేను వాళ్లకు మజ్జిగ పోస్తున్నాను. గ్లాసులో పడాల్సిన మజ్జిగ చాప మీద పడింది. "పిచ్చిదానా, నవ్వులాటకు అంటే గట్ల వణుకుతవేంది?" అన్నాడు, ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమ విని నా ఒళ్లు గగుర్పొడిచింది.

ఆ తర్వాత రెండు రోజులకు మా పడకగది గూట్లో సీసా కనిపించింది. నా అద్దం, పౌడర్ డబ్బా, బొట్టు బిళ్లలు పెట్టుకునే గూడు అది. బ్రాందీ క్వార్టర్ సీసా, కాగితం ఒలిచేసి ఉంది, అద్దాన్ని ఆనించి పెట్టాడు. నిండా నీళ్ల లాంటిది. అదేంటని అడిగాను.

"డిస్టిల్ వాటర్. స్కూటర్ బ్యాటరీకి" అన్నాడు, అదే అద్దంలో చూసి తల దువ్వుకుంటూ. తర్వాత అద్దంలోంచే నా వైపు చూశాడు. "ముట్టకు."

డిస్టిల్ వాటర్‌ను ముడితే ఏమవుతుంది? అప్పట్నుంచి నేను మొహానికి సబ్బు పెట్టుకోవడం మానేశాను, సబ్బు పెడితే కళ్లు మూసుకోవాలి కదా. ఉట్టి నీళ్లతో, తలుపు వైపు చూస్తూ కడుక్కున్నాను. రాత్రి గోడ వైపు తిరిగి, దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాను. ఆయన మంచం మీద ఒత్తిగిలితే చాలు, ఊపిరి బిగపట్టేదాన్ని. పొద్దున్నే లేవగానే గూట్లోకి చూసేదాన్ని, సీసాలో తగ్గిందా అని. బొట్టు పెట్టుకోవాలంటే ఆ సీసా పక్కనే నా మొహం చూసుకోవాలి. కళ్ల కింద నల్లబడింది. ఈ మొహం నాకు నచ్చేది, ఎవరితోనూ అనలేదు కానీ నచ్చేది. ఇన్నాళ్లూ దానికి కాస్త పౌడర్ అద్దడం తప్ప దాని గురించి ఆలోచించింది లేదు. ఇప్పుడు రోజంతా అదే ఆలోచన. కన్ను పోతే బోర్డు మీద రాసింది ఎలా చదువుతాను, పెదవులు అతుక్కుపోతే పాఠం ఎలా చెబుతాను, యాదమ్మ నన్ను చూసి జడుసుకుంటుందేమో...

మూత తీసి చూడొచ్చు కదా, సైన్సు టీచర్‌వి కదా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఒక పాత గుడ్డ మీద చుక్క వేస్తే తెలిసిపోతుంది. కానీ తెలుసుకోవాలంటేనే భయం. నీళ్లని తేలితే ఇన్నాళ్లూ నాకు మతి చెడినట్టు. ఆసిడ్ అని తేలితే ఆ రాత్రికి ఆ గదిలో ఎలా పడుకోవాలి? తెలియనంత కాలం అవి నీళ్లే అని అనుకోవచ్చు. ఎంతోమంది ఆడవాళ్లు అలా అనుకునే కాపురాలు చేస్తారని నాకిప్పుడు తెలుసు.

ఆమ్లాల పాఠం చెప్పిన మర్నాడు, శుక్రవారం, బడిలో సకీనాకు చెప్పాను. సోషల్ చెబుతుంది, నాతోపాటే ఉద్యోగంలో చేరింది. చెబుతూ చెబుతూ, "నీళ్లే అయ్యుంటయ్, నాదే పిరికితనం" అన్నాను.

"నీళ్లయితె ఒక గుక్క తాగమను" అంది సకీనా. నేను నవ్వబోయాను. ఆమె నవ్వలేదు. "పోసినంక తెలుసుకుంటవా ఏంది మంజులా? హుజూర్‌నగర్‌ల మా ఖాలా, అమ్మీ చెల్లె, ఒక్కతే ఉంటది, అర్ర కాలీగున్నది. ఆదివారం రాత్రి ఏడు గంటల బస్సు ఎక్కుదాం. నేనూ వస్త నీతోని. అల్లా మీద ఒట్టు, నిన్ను ఒక్కదాన్ని పంపియ్య."

"ఆలోచించి చెప్తా" అన్నాను. ఆమె చాలాసేపు నా చెయ్యి వదల్లేదు.

ఆదివారం దీపాలు పెట్టే వేళ దాకా ఆలోచిస్తూనే ఉన్నాను. సంచిలో రెండు చీరలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టాను. ఆయన దుకాణంలో ఉన్నాడు, ఎనిమిది దాటితే గానీ రాడు. అత్తమ్మ నన్ను పిలిచి గడప లోపల పీట వేసింది. "కూసో. మొకమంత పీక్కపోయింది. పెమోషనని ఊరంత సాటుకుంటివి, దిష్టి కొట్టింది. తీస్తె నిమ్మలమైతవ్, పోవుడు గీవుడు మర్సిపోతవ్." స్టీలు పళ్లెంలో ఎర్రనీళ్లు కలిపింది. ఇరుగుపొరుగు దిష్టి, ఊళ్లోవాళ్ల దిష్టి, నా దిష్టి అని గొణుగుతూ నా మొహం చుట్టూ పళ్లెం తిప్పింది. ఎరుపు నా కళ్ల ముందు తిరిగింది. ముడతలు పడ్డ ఆమె చేతులు, నా మీద నిజంగానే జాలి ఉన్న చేతులు. దిష్టి తీసేవాళ్లకు ఎదురు మాట్లాడకూడదంటారు. పళ్లెం మూడోసారి నా మొహం ముందుకు రాగానే ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"జర ఆగు అత్తమ్మా. పారవోయకు. గడప మీద పెట్టు."

లోపలికి పోయాను. చేతికి మందపాటి తువ్వాలు చుట్టుకుని గూట్లోంచి సీసా తీశాను. దాన్ని మొహానికి దూరంగా, చెయ్యంతా చాచి పట్టుకుని తెచ్చాను. నా చెయ్యి ఎంత వణికిందంటే, ఆయన పోయకపోయినా నేనే నా మీద పోసుకుంటానేమో అనిపించింది. ముందు గడప పక్కనున్న చెంబులోంచి మంచినీళ్లు కొంచెం పళ్లెంలో ఒక పక్కకు పోశాను. ఎరుపు పలచబడింది, పోలేదు. "సూసినవా అత్తమ్మా, నీళ్లు పోస్తే గిట్లనే ఉంటది" అన్నాను, బడిలో పిల్లలకు చెప్పినట్టే. తర్వాత సీసా మూత తీసి, ఆ మూతలోకి ఇంత వంచి, పళ్లెంలోకి ఒంపాను.

పడిన చోట ఎరుపు ఒక్కసారిగా విరిగింది. పసుపుపచ్చ మరక ఇంతింతై పళ్లెమంతా పాకింది. చింతపండు రసానికి ఎన్నడూ అంత తొందరగా మారలేదు.

నాకు ఏడుపు రాలేదు. అదే పీట మీద కూలబడ్డాను. నాకు మతి చెడలేదు అని మొదటిసారి అనిపించింది. మూత బిగించి సీసాను గడప అవతల పెట్టాను. "ఇవి నీళ్లు గావు అత్తమ్మా. నా అద్దం పక్కన పెట్టిండు. నీ కొడుకు..."

అత్తమ్మ పళ్లెం వైపు చూసింది. తర్వాత వీధిలో ఎవరైనా చూస్తున్నారేమోనని చూసింది. నా పక్కకు వంగి, మెల్లగా, చిన్నపిల్లను సముదాయించినట్టు చెప్పింది.

"నాకెరికే బిడ్డా. వాడు నాకు జెప్పే పెట్టిండు. పోసేతందుకు గాదు. ఆడిదానికి జర బుగులుండాలె అని, గంతే. మీ మామ బతికినన్ని దినాలు తలాపున గొడ్డలి పెట్టుకోని పండెటోడు. ఒక్కనాడన్న తీసిండా? నేను ఉండలేదా? కొన్ని దినాలైతె అలవాటైతది. ముసుగు దన్ని పండుకో, అటు దిక్కు సూడకు."

ఆమె కళ్లలో మోసం లేదు. నాకు ధైర్యం చెబుతోంది. గొడ్డలి పక్కన నిద్రపోవడం ఎలాగో, తనకు తెలిసిన ఒకే ఒక్క విద్య, నాకు నేర్పుతోంది. నేను ముసుగు వేసుకుంటున్నానని ఆమెకు ఎలా తెలుసు? ఆమె కూడా వేసుకుందన్నమాట. మజ్జిగ వేళ ఆ నవ్వు కూడా భయంతో నవ్విందేనేమో. ఈ పసుపుపచ్చ పళ్లెం ముందు కూర్చున్న నేను ఇంకో ఇరవై ఏళ్లకు ఎలా ఉంటానో ఎదురుగానే నిలబడి ఉంది, పండిన జుట్టుతో. నాకు దశరథం కంటే, సీసా కంటే, అప్పుడు ఆమెను చూసి ఎక్కువ భయం వేసింది.

లేచాను. లోపలికి పోయి సంచి తెచ్చుకున్నాను. గూట్లోంచి నా అద్దం కూడా తీసి సంచిలో పెట్టుకున్నాను. సీసా పారబోద్దామా అని ఒక్క క్షణం అనుకున్నాను. పారబోస్తే ఏముంది, దుకాణం నిండా అదే. సీసా ముట్టుకోలేదు, పళ్లెం కూడా గడప మీద అలాగే ఉంచాను.

"ఆయనొస్తే ఈ పళ్లెం సూపెట్టు. నేను సూసిన అని చెప్పు."

అత్తమ్మ నా సంచి పట్టుకుంది. అప్పుడు ఆమె గొంతు వణికింది, నా కోసమో, కొడుకు కోసమో, తన కోసమో నాకు తెలీదు. "వద్దు బిడ్డా. నా మాటిను. నువ్వు గిట్ల పోతె వాడు ఊకుంటడా?"

నేను ఏ మాటా చెప్పి పంపకపోయినా బస్సు వేళకు సకీనా వచ్చి వీధి చివర నిలబడి ఉంది, రెండు చేతులతో బుర్ఖా అంచు పిసుక్కుంటూ. ఒక్కొక్క వేలే విడదీసి అత్తమ్మ చేతిలోంచి సంచి తీసుకున్నాను.

"ఊకోడు అత్తమ్మా. ఊకోడనే పోతున్న."